తొమ్మిది కుట్ల జడ

ఈ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, మేనకోడలి కోసం అల్లుతున్న స్వెట్టరు వెనుక భాగాన్ని ఒళ్ళో పరచుకుని పొడవు కొలుచుకుంటుండగా, నడిమిన జడలాగా మెలికలు వేస్తూ అల్లిన పట్టీలో ఒక పాయ పైకి రావలసిన చోట కిందికి దూరిపోయి ఉండడం కంటబడింది. దాని మీద అప్పటికే 16 వరసలు, నాలుగు మెలికలు పడి ఉన్నాయి.

అక్టోబరులో కూడా చెమటలు పట్టే బెజవాడలో ఊలు ఒళ్ళో వేసుకుని కూర్చునే మనిషిని చూసి ఇరుగుపొరుగువారు నవ్వుకుంటే వారిని తప్పుపట్టలేను. అరచేతులకు పౌడరు రాసుకోకపోతే దారం వేళ్ళకు అంటుకుంటుంది, ఫ్యాను పెంచితే అల్లిక నమూనా ఉన్న గ్రాఫు కాగితం ఎగిరిపోతుంది. అందుకే ఆ కాగితం మీద పచ్చడి బండ పెట్టుకుని అల్లుతున్నాను. పిల్ల చదువుకోవడానికి స్కాట్లాండు వెళ్ళింది. అక్కడి దుకాణాల్లో స్వెట్టర్లు దొరకవా అని మా వారు మొదటి రోజే అడిగారు. దొరుకుతాయి, నేను అల్లినది దొరకదు అని చెప్పి ఊరుకున్నాను.

నమూనా కూడా పిల్లే పంపింది. అది అమెరికావారిది కావడంతో మొదట్లోనే ఒక వారం వృథా అయింది. అందులో 8వ నంబరు సూదులు వాడమని ఉంటే, బీసెంట్ రోడ్డులో కొన్న 8వ నంబరు సూదులతోనే మాదిరి ముక్క అల్లాను. పది సెంటీమీటర్లకు 18 కుట్లు రావలసి ఉండగా 22 వచ్చాయి. తీరా చూస్తే మన దగ్గర చలామణీలో ఉన్నవి పాత ఇంగ్లీషు నంబర్లు. వాటిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, అమెరికా లెక్కలో నంబరుతో పాటు సూదీ లావవుతుంది. మన 8 అంటే నాలుగు మిల్లీమీటర్లు, వాళ్ళ 8 అంటే ఐదు. వాళ్ళ 8 కావాలంటే మనం 6 అడగాలి. విచిత్రమేమంటే 7వ నంబరు మాత్రం రెండు లెక్కల్లోనూ నాలుగున్నర మిల్లీమీటర్లే. నమూనాలో 7 అని రాసి ఉంటే ఈ తేడా నాకు ఎప్పటికీ తెలిసేది కాదేమో.

ఇక ఈ జడ సంగతి. పాతికేళ్ళ వయసులో, ఢిల్లీలో ఉన్న రోజుల్లో, పక్క క్వార్టర్సులోని పంజాబీ ఆవిడ నాకు సీధా (నేరు కుట్టు), ఉల్టా (తిరగేసిన కుట్టు) నేర్పింది గానీ జడ నేర్పలేదు. అది నాకు తలజడతోనే అర్థమైంది. తొమ్మిది కుట్లు మూడు పాయలు. నాలుగు వరసలకొకసారి పక్కపక్కన ఉన్న రెండు పాయలను తారుమారు చేయాలి. మూడు కుట్లను విడి సూదికి ఎక్కించి అల్లికకు ముందు వైపు వదిలితే పై పాయ ఎడమకు వాలుతుంది, వెనుక వైపు వదిలితే కుడికి వాలుతుంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు వేస్తూపోతే అచ్చం మన మూడు పాయల జడే. విడి సూది బజారులో దొరకక, కొప్పుకు పెట్టుకునే యు ఆకారపు పిన్నుతోనే పని జరుపుకుంటున్నాను. ముందు వైపు మెలికలకు ఎర్ర పెన్సిలు, వెనుక వైపు వాటికి నీలం పెన్సిలు గ్రాఫులో దిద్దుకున్నాను కూడా. అయితే మొన్న సాయంత్రం కరెంటు పోయినప్పుడు, ఛార్జింగు లైటు వెలుతురులో ఎరుపేదో నీలమేదో తెలియక చేతి అలవాటు మీద ఒక మెలిక వేసేశాను. పొరపాటు అక్కడే జరిగి ఉండాలి.

పిల్లకు వీడియోలో చూపిస్తే, "అత్తా, వీపు మీది జడ ఎవరు చూస్తారు? అలాగే ఉంచెయ్యి" అంది. ఐర్లండు పడమటి తీరంలోని ఏరన్ దీవుల కథ కూడా చెప్పింది. ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క జడ నమూనా ఉండేదని, సముద్రంలో మునిగిపోయిన జాలరిని స్వెట్టరును బట్టి గుర్తుపట్టేవారని చెప్పుకుంటారట. ఆ మాటకు ఆధారం లేదని అల్లిక చరిత్ర రాసినవారు అంటారు. 1904లో డబ్లిన్‌లో ఆడిన ఒక నాటకంలో మాత్రం, చెల్లెలు తాను అల్లిన మేజోడుకు 60 కుట్లు ఎత్తి నాలుగు జారవిడిచిన సంగతి జ్ఞాపకం చేసుకుని, చనిపోయినవాడు తన అన్నేనని తెలుసుకుంటుంది. విన్నప్పుడు ఒళ్ళు జలదరించింది. అయినా ఆ పిల్ల తలకు బడి రోజుల్లో ఎన్నిసార్లు జడ వేశానో! పాయ తప్పితే విప్పి మళ్ళీ వేసేదాన్నే తప్ప అలాగే బడికి పంపలేదు.

తప్పు వరసతో కలిపి 17 వరసలు విప్పాలి. వరసకు 116 కుట్లు కనుక మొత్తం విప్పితే 1972 కుట్లు. జడ మేరకే విప్పితే 153. రెండోదే మేలనిపించి, అటూ ఇటూ ఉన్న కుట్లను సూదుల మీదే ఉంచి, నడిమి తొమ్మిదింటిని జార్చాను. లూధియానా ఊలు గనుక ఒకదానినొకటి పట్టుకుని ఉండి, దానంతట అది జారిపోలేదు. ఒక్కొక్క వరసనూ వేలితో లాగి విప్పుకోవలసి వచ్చింది. మెలిక ఉన్న వరస దగ్గర ఒక పాయ కుట్లు మరొక పాయ వెనుక నక్కి ఉంటాయి, వాటిని వెతికి వరసలో నిలపాలి. చివరికి 17 మెట్ల నిచ్చెనలాగా దారాలు వేలాడుతుంటే, మా వారు చూసి, "ఇంత పనీ పాడైపోయిందా?" అని నిజంగానే కంగారుపడ్డారు.

మేజోళ్ళు అల్లే రెండు మొనల సూదులు రెండు తీసుకుని, అన్నిటికంటే కింది మెట్టుతో మొదలుపెట్టాను. అంతా ముఖం వైపు నుంచే అల్లుతాము కనుక ఉల్టా వరస అంటూ ఉండదు, అన్నీ సీధాలే. తప్పిన మెలికకు ఈసారి పిన్నును ముందు వైపు వదిలాను. మూడో మెట్టు దగ్గర మొదటి కుట్లకే దారమంతా లాగేసుకోవడంతో తొమ్మిదో కుట్టుకు చాలక బిగిసిపోయింది. దాన్ని రెండుసార్లు విప్పి, మెట్టు పొడవును తొమ్మిదింటికీ సమంగా పంచుకుంటూ అల్లాక చేయి కుదిరింది. చివరి మెట్టు పూర్తయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఈ రోజు కరెంటు పోలేదు.

జడ ఇప్పుడు సరిగా ఉంది. ఎడమ అంచున రెండు కుట్లు మాత్రం వదులుగా కనిపిస్తున్నాయి, ఆ వదులును పక్క కుట్లలోకి సూదిమొనతో రేపు పగటి వెలుతురులో సర్దాలి. రాత్రి భోజనాలకు ముందు 18వ వరస అల్లి, గ్రాఫు మీద పెన్సిలు గీత పెట్టి సంచీలో సర్దాను. చంకల దగ్గరి తగ్గింపులు మొదలుపెట్టడానికి ఇంకా 22 వరసలున్నాయి.