బ్రేకుల్లేని బండి, తాత, మా వాడి తెలుగు

మేముండేది మిల్డ్యూరాలో, మెల్బోర్న్ నుంచి కార్లో ఆరు గంటలు, ముర్రే నది పక్కన ఎటు చూసినా ద్రాక్ష తోటలు, నారింజ తోటలే, అనంతపురంలో చీనీ తోటల మధ్య పెరిగినదాన్ని కాబట్టి ఊరు నాకు తొందరగానే నచ్చేసింది. నా దిగులంతా మా వాడి తెలుగు గురించే. పన్నెండేళ్ళు, మేం తెలుగులో అడిగితే వాడు ఇంగ్లీషులో జవాబిస్తాడు, ఆదివారం మా నాన్నతో వీడియో కాల్ అంటే "బాగున్నా తాతా, తిన్నా తాతా" అనేసి ఫోన్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయేవాడు.

పోయిన టర్మ్‌లో మన ఊరితో సంబంధం ఉన్న ఒక మనిషి గురించి క్లాసులో చెప్పమంటే వీడు స్పీడ్‌వే రేసర్ జేసన్ క్రంప్ గురించి మొదలుపెట్టాడు. స్పీడ్‌వే అంటే మట్టి ట్రాక్ మీద మోటారు సైకిళ్ళ రేసు. జేసన్ వాళ్ళ నాన్న ఫిల్ క్రంప్‌ది మిల్డ్యూరానే, 1976 వరల్డ్ ఫైనల్లో మూడో స్థానం. అమ్మ వైపు తాత నీల్ స్ట్రీట్ కూడా రేసరే, జావా ఇంజన్‌కి నాలుగు వాల్వుల హెడ్డు తయారుచేసి అల్లుడి బండికి పెట్టిన మనిషి. జేసన్ పుట్టింది మాత్రం 1975లో, ఇంగ్లండులో, బ్రిస్టల్లో, నాన్న అక్కడి లీగులో ఆడే రోజుల్లో. అది చదివి మా వాడు "అమ్మా, అక్కడ పుట్టి ఆస్ట్రేలియాకి ఆడాడు కదా, నువ్వు నిజంగా ఎక్కడివాడివి అని ఎవరూ అడగలేదా" అన్నాడు. వీడిని ఎంతమంది ఆ మాట అడిగుంటారో అప్పుడు తట్టింది నాకు, కాసేపు ఏం మాట్లాడలేకపోయాను.

2001, 2002, 2003, వరసగా మూడేళ్ళు జేసన్ ప్రపంచంలో రెండోవాడు. తర్వాత 2004లో ఛాంపియన్, మళ్ళీ 2006, 2009. 2001 నుంచి 2010 దాకా ఒక్క ఏడాది కూడా మొదటి ముగ్గురిలోంచి జారలేదు. టైటిళ్ళకంటే ఆ మొదటి మూడేళ్ళే నాకు పెద్దగా అనిపిస్తాయి, అంత దగ్గరికొచ్చి పోగొట్టుకుని మళ్ళీ బండెక్కడం మాటలా. భయం కూడా ఉంది. మా ఊరి ఇంకో గొప్ప రేసర్ లీ ఆడమ్స్ 2007లో ప్రపంచంలో రెండోవాడు, 2011లో ఎడారి రేసుకి ప్రాక్టీసు చేస్తూ పడిపోతే వెన్నెముక దెబ్బతింది. వీడు జూనియర్ బండి అడుగుతున్నాడు, నేనింకా ఏమీ చెప్పలేదు.

ఆ ఆదివారం మాత్రం ఫోన్ నాకివ్వలేదు. మా నాన్న ముప్పై ఏళ్ళు ఆయిలింజన్లు రిపేరు చేసినాయన.

"బ్రేకులుండవు తాతా, గేరు ఒకటే, ఐదొందల సీసీ, పెట్రోలు కాదు మెథనాల్."

"బ్రేకు లేకుంటే ఎట్ల ఆపుతారు రా?"

"రేజ్ తగ్గిస్తారు. మలుపులో..." నావైపు తిరిగి స్లైడ్‌ని ఏమంటారమ్మా అన్నాడు, జారడం అన్నాను. "మలుపులో వెనక చక్రం జారుతాది తాతా, కావాలనే జారిస్తారు, ఎడమ కాలు నేల మీద పెడతారు, బూటుకి ఇనుప తొడుగుంటాది."

జారుతాది, ఉంటాది, అచ్చం మా నాన్న మాటే! నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. నాలుగు వాల్వుల సంగతి రాగానే ఆయన ఉండు నాయనా అని లేచెళ్ళి, పాత డబ్బాలోంచి మసి పట్టిన వాల్వు ఒకటి తెచ్చి, పంచె అంచుతో తుడిచి కెమెరా ముందు పెట్టాడు.

"ఇదేనా?"

"అదే తాతా! అట్లాంటివి నాలుగు."