పేరీత కోసం కోయంబత్తూరు వెళ్ళిన కథ

శేషాచలం కొండల్లో పేరీత ఇప్పుడు ఎక్కడెక్కడ మిగిలిందో తేల్చాలి, అదీ నా ప్రాజెక్టు. చూడటానికి ఈతచెట్టులా ఉంటుంది గానీ ఇది సైకాస్ అనే, పూలు పూయని చెట్ల జాతిది. సైకాస్ బెడ్డోమి అన్న పేరుతో 1883లో వృక్షశాస్త్రవేత్త డయర్ వర్ణించాడు. ఆ పేరు మద్రాసు అటవీశాఖలో పనిచేసిన బెడ్డోమ్‌ది. ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు కనుమల్లో తప్ప ఇది సహజంగా ఇంకెక్కడా పెరగదు. మందుల కోసం మగ చెట్ల కోన్లు (పుప్పొడి ఉండే శంకువులాంటి భాగాలు) కోసుకుపోతారు. వేసవి మంటల బాధ సరేసరి.

కొండంతా నేనొక్కదాన్నే గాలించలేను. "ముందు కోయంబత్తూరు వెళ్ళమ్మా. ఇదివరకు ఎవరెక్కడ చూశారో తెలిస్తే కదా నువ్వు ఎటు నడవాలో తెలిసేది" అన్నారు మా గైడ్.

అనుమతి ఉత్తరం పంపి, జవాబు కోసం కొన్ని వారాలు టెన్షన్ పడి, చివరికి కోయంబత్తూరులోనే ఉన్న బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ మద్రాస్ హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల్ని భద్రపరిచే చోట, కూర్చున్నాను. మొదటి పాఠం, ఎండిన మొక్కను అతికించిన షీటును పుస్తకంలో పేజీలా తిప్పకూడదు. రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టాలి. పొడుగాటి ఆకును మడిచి అతికించిన షీట్లు చూస్తుంటే, ఇన్నేళ్ళు చెదలకూ చెమ్మకూ చిక్కకుండా వీటిని కాపాడిన వాళ్ళమీద గౌరవం కలిగింది.

అసలు పని, మొక్కను ఎవరు ఎప్పుడు ఎక్కడ సేకరించారో షీటు మీద రాసి ఉండే లేబుల్ దగ్గర మొదలైంది. పాత లేబుళ్ళలో అక్షాంశ రేఖాంశాలు ఉండవు. ఊరి పేరో, కొండ పేరో, అడుగుల్లో ఎత్తో ఉంటుంది. కడప అని రాసి ఉన్నవన్నీ మొదట నేటి కడప జిల్లాలోనే గుర్తించేశాను. అది పొరపాటు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది, చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాటులో ఉండేది. మ్యాపు మళ్ళీ మొదటినుంచి వేశాను. ఊరు తేలనప్పుడు, ఆ మొక్కను సేకరించిన మనిషే ఆ రోజూ మర్నాడూ సేకరించిన వేరే మొక్కల షీట్లు తీయించుకున్నాను. వాటి లేబుళ్ళు వరసగా పెడితే ఆయన ఏ దారిన నడిచాడో తెలిసిపోతుంది! ఆ దారీ, ఎత్తూ కలిపి చూసి, వెతకాల్సిన చోటును ఒక వాలుకు కుదించగలిగాను. ఈ పద్ధతి నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎన్ని రోజులు మిగిలేవో.

కోన్లున్న షీట్ల తేదీలను బట్టి కొండకు ఏ నెలల్లో వెళ్ళాలో తెలిసింది. ఇంకో సంగతి కూడా కనబడింది. సేకరణలు ఎక్కువగా దారుల పక్కనే జరిగాయి. కాబట్టి మ్యాపులో చుక్క లేని లోయలో చెట్టు లేదనుకోకూడదు. అలాంటి రెండు లోయల్ని కూడా నా జాబితాలో చేర్చాను.

అటవీశాఖ అనుమతితో, బీట్ సిబ్బందితో కలిసి నడిచాం. లేబుల్ చెప్పిన ఒక వాలు మీద చెట్లతో పాటు చిన్న మొలకలు కూడా దొరికాయి. అక్కడే రాయి మీద కూర్చుండిపోయాను. ఇంకో వాలు మీద కాలిన గడ్డి తప్ప ఏమీ లేదు. ఆ షీటు చూడకపోతే అక్కడ పేరీత ఉండేదని మాకు తెలిసేదే కాదు, మంటల అదుపు అక్కడ కూడా కావాలని రిపోర్టులో రాసే వీలూ ఉండేది కాదు.

ఆ చోట్ల పేర్లు ఇక్కడ కావాలనే రాయడం లేదు. కోన్లు కోసేవాళ్ళకు దారి చూపినట్టవుతుంది. కచ్చితమైన వివరాలు అటవీశాఖకు ఇచ్చాను. మంటల్లో ఆకులు కాలిపోయినా పేరీత మొదలు మళ్ళీ చిగురిస్తుంది. అందుకే వానలు పడ్డాక ఆ కాలిన వాలుకు ఇంకోసారి వెళ్తున్నాను.