ఒత్తులు తెగని థీమ్ కోసం

మా బాబాయ్ ఎనిమిదేళ్ల పాటు ఒక చిన్న సాహిత్య మాసపత్రిక నడిపారు. మొత్తం 96 సంచికలు. చివరి అయిదేళ్ల సంచికలకు డీటీపీ చేసింది నేనే. విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో ఒక ప్రెస్సు, అందులో పేజీలు కట్టే పేజ్‌మేకర్, తెలుగుకు అను ఫాంట్లు. పత్రిక ఆగిపోయాక ఆ కట్టలన్నీ అటక మీదికి చేరాయి. 2019 వేసవిలో ఒకరోజు కట్టలు దింపి చూస్తే రెండు సంచికల్ని చెదలు తినేశాయి. బాబాయ్ ఏమీ అనలేదు. మిగిలిన ముక్కల్ని ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నారు. "వీటినన్నిటినీ నెట్‌లో పెడతాను బాబాయ్" అన్నాను.

అప్పటికి నాకు సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌లో పోస్టు రాసి పబ్లిష్ నొక్కడం వరకే వచ్చు. డబ్బు పెట్టి ఒక రెడీమేడ్ పత్రిక థీమ్, అంటే సైటు కనిపించే తీరును నిర్ణయించే ఫైళ్ల కట్ట, కొన్నాను. డెమోలో కళ్లు చెదిరేలా ఉంది. మన కథ ఎక్కించి చూస్తే శీర్షికలో 'స్వాతంత్ర్యం' కింద ఉండాల్సిన ఒత్తులు సగానికి తెగిపోయాయి. లోపల పేరాల్లో పై వరస ఒత్తు కింది వరస గుడి మీద ఎక్కి కూర్చుంది. ఎవరైనా అన్న మాటల్ని కొటేషన్‌గా పెడితే అక్షరాలు పక్కకు ఒరిగిపోయాయి. తెలుగు ఫాంట్లలో చాలావాటికి ఇటాలిక్ రూపం ఉండదు. బ్రౌజరే నిలువు అక్షరాల్ని బలవంతంగా వంచి చూపిస్తుంది. ప్రెస్సులో ఇలాంటి ప్రూఫు వస్తే ప్లేటు దాకా పోనిచ్చేవాళ్లం కాదు.

ఇది ఆ థీమ్ చేసినవాళ్ల నిర్లక్ష్యమని నేను అనను. వాళ్లు ఇంగ్లిష్ అక్షరాన్ని కళ్ల ముందు పెట్టుకుని కొలతలు తీశారు. ఆ లిపిలో గీత కిందికి దిగే అక్షరాలు నాలుగైదు, అవీ కాస్తే దిగుతాయి. మనకు ఒత్తు కింద ఇంకో ఒత్తు. శీర్షికకు లైన్ హైట్, అంటే ఒక వరసకిచ్చే ఎత్తు, అక్షరం సైజుకు 1.2 రెట్లు పెట్టి, పెట్టె దాటినదాన్ని దాచేయమని రాస్తే, దాగేది మన ఒత్తే. లీడింగ్, అంటే వరసల మధ్య ఎడం, చూడటం నా వృత్తి కాబట్టి తప్పెక్కడుందో చూడగానే అర్థమైంది. దాన్ని సరిచేసే పనిముట్టే చేతిలో లేదు.

థీమ్ ఫైళ్లు తెరిచి అందులోనే అంకెలు మార్చాను. మూడు వారాల పని. ఒకరోజు డ్యాష్‌బోర్డులో 'అప్‌డేట్ ఉంది' అని కనబడితే నొక్కాను. పాత ఫైళ్ల స్థానంలో కొత్తవి వచ్చాయి, నా మూడు వారాలూ పోయాయి. అలా కాకుండా ఉండటానికే చైల్డ్ థీమ్ అనేది ఉందని అప్పుడు తెలుసుకున్నాను. వేరే ఫోల్డరు పెట్టి, దాని స్టైల్ ఫైలు పైభాగంలో 'టెంప్లేట్' అన్నచోట అసలు థీమ్ ఫోల్డరు పేరు రాస్తే చాలు, మనం మార్చినవి మన దగ్గరే ఉంటాయి. అదీ చేశాను. కానీ చూస్తుండగానే వాళ్లు రాసినదాన్ని కొట్టేసే వరసలే నా ఫైల్లో నాలుగు వందలు దాటాయి. ఇంత కొట్టివేత దేనికి, సొంతంగా ఒకటి కట్టుకుందామనిపించింది.

రాత్రి వంట అయ్యాక తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా, పాత ల్యాప్‌టాప్‌లో సొంత కంప్యూటర్లోనే సైటు నడిపించే ఎక్సాంప్ వేసుకుని మొదలుపెట్టాను. థీమ్ అనిపించుకోవడానికి రెండే ఫైళ్లు చాలని చదివి నమ్మలేదు. స్టైల్ డాట్ సీఎస్‌ఎస్, ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ. మొదటిదాని పైన కామెంటులో థీమ్ పేరు రాసి, రెండోదాన్ని ఖాళీగా వదిలి డ్యాష్‌బోర్డు తెరిస్తే, మిగతా థీమ్‌ల పక్కన బాబాయ్ పత్రిక పేరు కనిపించింది. యాక్టివేట్ చేస్తే తెల్ల పేజీ. తెల్ల కాగితాన్ని చూసి భయపడే పని కాదు నాది. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

తర్వాత లూప్. పోస్టులు ఉన్నంతవరకు ఒక్కొక్కటే తీసి చూపించమని చెప్పే నాలుగు వరసలు. వర్డ్‌ప్రెస్ థీమ్‌కి గుండెకాయ అదే. అందులో 'ద పోస్ట్' అనే వరస రాయడం మర్చిపోయాను. పోస్టు ఉందా అని అడుగుతుంది, ఉంది అంటుంది, కానీ తర్వాతదానికి జరగమని ఎవరూ చెప్పరు. మొదటి పోస్టు దగ్గరే తిరిగి తిరిగి బ్రౌజరు బిగుసుకుపోయింది. కాగితం ముందుకు జరగకుండా అదే షీటు మీద మెషీను అచ్చు వేస్తూ పోవడమన్నమాట. అలా ఊహించుకున్నాక ఆ వరస మళ్లీ మర్చిపోలేదు.

ఏ పేజీకి ఏ ఫైలు వాడాలో తేల్చే టెంప్లేట్ హైరార్కీ అనేదాన్ని అందరూ కష్టమంటారు. నాకు అన్నిటికంటే తేలిగ్గా ఎక్కింది అదే, పేజ్‌మేకర్‌లో మిగతా పేజీలకు మూసగా ఉండే మాస్టర్ పేజీలు పెట్టిన చెయ్యి కాబట్టి. ఒక కథ తెరిస్తే వర్డ్‌ప్రెస్ ముందు 'సింగిల్' ఫైలు ఉందేమో చూస్తుంది, లేకపోతే 'సింగ్యులర్' చూస్తుంది, అదీ లేకపోతే ఇండెక్స్‌తో సరిపెట్టుకుంటుంది. మరీ ప్రత్యేకమైనదాన్ని ముందు వెతికి, దొరక్కపోతే మామూలుదానికి దిగుతుంది. ఆ పటాన్ని ప్రింటు తీసి వంటింటి గోడకు అంటించాను.

వెనకబడింది ఫంక్షన్స్ ఫైలు దగ్గర, థీమ్ చేయాల్సిన పనుల్ని పీహెచ్‌పీలో రాసే చోటు అది. ఒక సెమీకోలన్ వదిలేస్తే సైటంతా పడిపోయేది. వర్డ్‌ప్రెస్ కాన్ఫిగ్ ఫైల్లో డీబగ్ ఆన్ చేస్తే ఏ ఫైల్లో ఎన్నో వరస దగ్గర తప్పుందో అదే చెబుతుందని నెలరోజుల తర్వాత గానీ నాకు తెలియలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరడిగినా ముందు ఆ ఒక్క వరస మార్చమంటాను. అలాగే హెడర్‌లో 'డబ్ల్యూపీ హెడ్', ఫుటర్‌లో 'డబ్ల్యూపీ ఫుటర్' అని పిలవకపోతే ప్లగిన్లు (అదనపు పనులు చేసే చిన్న ప్రోగ్రాములు) తమ సరంజామా పెట్టుకోవడానికి చోటుండదు. లాగిన్ అయినప్పుడు పైన కనిపించే నల్ల పట్టీ ఎందుకు రావడం లేదా అని నేను రెండు రాత్రులు వెతికాను.

పత్రికకు సంచికే ప్రాణం. ఏ రచనైనా ఫలానా సంచికలో ఫలానా పేజీలో ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లో ఉన్న కేటగిరీ, ట్యాగ్ దీనికి సరిపోవు. అందుకని 'సంచిక' అని సొంత టాక్సానమీ, అంటే రచనల్ని వర్గాలుగా విడదీసే పద్ధతి, రిజిస్టర్ చేశాను. సంచిక పేజీ తెరిస్తే 404, అంటే పేజీ దొరకలేదని. లింకుల రూపాన్ని నిర్ణయించే పర్మాలింక్స్ సెట్టింగుల్లోకి వెళ్లి ఏమీ మార్చకుండా సేవ్ నొక్కాక దారి తెరుచుకుంది. సంచిక పేజీలో విషయసూచిక వచ్చింది గానీ, వరస తప్పు. కొత్తగా ఎక్కించినది పైకి వస్తోంది. ప్రతి రచనకూ పేజీ నంబరు అనే ఫీల్డు పెట్టి దాని ప్రకారం సర్దమన్నాను. 10వ పేజీ కథ 2వ పేజీ సంపాదకీయం కంటే ముందు వచ్చింది. అంకెను అక్షరాల్లా పోల్చుకుంటోంది. అంకెగానే చూడమని చెప్పడానికి వేరే మాట ఉంది, అది పెట్టాక బాబాయ్ వేసిన వరసే తెర మీదకు వచ్చింది.

తెలుగు వల్ల వచ్చే చిక్కులు ఇంకా ఉన్నాయి. పాఠాల్లో వీటిని చెప్పేవాళ్లు నాకు కనబడలేదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒక సీరియల్ నవల భాగాలు ఎక్కిస్తుంటే అన్నిటికీ ఒకే లింకు వచ్చి, చివర 2, 3 అని అంకెలు తగులుతున్నాయి. శీర్షికల చివర 'ఒకటో భాగం', 'రెండో భాగం' అని స్పష్టంగా ఉంది, అయినా లింకులోకి రాదు. కారణం ఏమిటంటే లింకులో వాడే స్లగ్‌కి 200 అక్షరాలే హద్దు. తెలుగు గుర్తు ఒక్కొక్కటీ లింకులోకి వెళ్లేటప్పుడు శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలవుతుంది. పైగా గుణింతం, పొల్లు విడివిడి లెక్క. 'శ్రీ' మనకు ఒకే అక్షరం, అక్కడ నాలుగు గుర్తులు, అంటే 36. ఇరవై రెండు గుర్తులు దాటేసరికి హద్దు అయిపోతుంది, మాట మధ్యలో తెగుతుంది. సంచిక నంబరు, పేజీ నంబరు కలిపి స్లగ్ తయారయ్యేలా రాసుకున్నాను. మన పరిశోధకులు పత్రికను ఉటంకించేదీ అలాగే కదా.

మొదటి పేజీలో ప్రతి రచన కిందా వచ్చే పరిచయం మరీ పొడుగైంది. వర్డ్‌ప్రెస్ 55 మాటలు తీసి చూపిస్తుంది, మాటంటే రెండు ఖాళీల మధ్య ఉన్నది. ఇంగ్లిష్‌లో నాలుగు మాటలయ్యేది మనం ఒకే మాటలో కలిపేస్తాం. 'చెప్పలేకపోయాననుకున్నాడు' కూడా ఒక మాటే. 25కి తగ్గిస్తే కుదిరింది. లోపలి పేరాల అక్షరాలకు మండలి, శీర్షికలకు రామభద్ర ఫాంట్లు తీసుకుని, లైన్ హైట్ వాటికి 1.8, వీటికి 1.5 పెట్టాను. ఇటాలిక్ తీసేసి, నొక్కి చెప్పాల్సిన మాటకు రంగు ఇచ్చాను.

పద్యాలకు మాత్రం చాలా రోజులు పట్టింది, పట్టాలి కూడా. అచ్చులో 'కం.', 'సీ.', 'ఆ.వె.' అని కందం, సీసం, ఆటవెలది వంటి పద్యం పేరుకు పొట్టి గుర్తు ఎడమ పక్కన విడిగా నిలబడి, పాదాలన్నీ ఒక నిలువు గీత నుంచి మొదలవుతాయి. ఫోన్ తెర మీద సీసపాదం ఒక వరసలో పట్టదు. విరిగిన ముక్క ఎడమ అంచుకు వచ్చి పడితే అది కొత్త పాదమనుకుంటారు చదివేవాళ్లు. చివరికి ఒక్కో పాదాన్నీ ఒక్కో పేరాగా చేసి, విరిగిన భాగం కాస్త లోపలికి జరిగేలా ఇండెంట్ ఇచ్చాను. ప్రెస్సులో మా పెద్ద కంపోజిటర్ చేత్తో అక్షరాలు పేర్చిన రోజుల్లో చేసింది అదే.

2022 జనవరిలో వర్డ్‌ప్రెస్ 5.9తో బ్లాక్ థీమ్‌లు వచ్చాయి. రంగులు, ఫాంట్లు, కొలతలు ఒక్క థీమ్ జేసన్ ఫైల్లో రాసుకోవచ్చు. కొత్తగా రాసుకుని ఆ థీమ్‌కి మారాను. మారగానే సంచికలు మాయం. ఒక్కటీ మిగల్లేదు. కాళ్లూ చేతులూ ఆడలేదు. రచనలు ఉన్నాయి, అవి ఏ సంచికవో చూపించే జాబితా లేదు. టాక్సానమీని పాత థీమ్ ఫంక్షన్స్ ఫైల్లో రాయడం నా పొరపాటు. థీమ్ పోతే ఆ రిజిస్ట్రేషనూ దానితో పోతుంది. డేటాబేస్‌లో సమాచారం అలాగే భద్రంగా ఉంది. సంచికకు సంబంధించిందంతా ఒక చిన్న ప్లగిన్‌లోకి మార్చాక మళ్లీ కనబడింది. కనిపించే తీరు థీమ్‌ది, సమాచారం ప్లగిన్‌ది. ఈ ముక్క మొదటిరోజే తెలిసి ఉంటే ఆ రాత్రి తప్పేది.

మొన్న సంక్రాంతికి బాబాయ్ వచ్చినప్పుడు ఫోన్‌లో 31వ సంచిక తెరిచి ఇచ్చాను. కళ్లజోడు పైకి తోసుకుని ఒక సీసపద్యం పైకే చదివారు. మూడో పాదం దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి చదివారు. విరుపు ఏమైనా తప్పుగా వచ్చిందేమోనని దగ్గరికి వెళ్లి చూశాను.

"ఇక్కడ గణం తప్పింది. అచ్చులోనే పడిన తప్పమ్మా ఇది. కవిగారు ఉత్తరం కూడా రాశారు. తర్వాతి సంచికలో సవరణ వేద్దామనుకుని మర్చిపోయాను."

కాసేపు ఫోన్ వంకే చూసి అడిగారు.

"ఇప్పుడు దిద్దొచ్చా?"

ల్యాప్‌టాప్ తెచ్చి ఎడిటర్ తెరిచాను. ఆయన ఒక్కో అక్షరం చెబుతుంటే దిద్దాను.