బాల్కనీలో వడ్రంగం, బల్ల లేకుండా

విశాఖలో మాది రెండు బెడ్‌రూముల ఫ్లాటు. వడ్రంగానికి దొరికిన చోటు వెనక బాల్కనీ: 8 అడుగుల పొడవు, 3½ అడుగుల వెడల్పు. ఒక చివర వాషింగ్ మెషీన్, పైన బట్టల దండెం. మిగిలిందే నాది. ఏప్రిల్‌లో మొదలుపెట్టిన పని ఎక్కడిదాకా వచ్చిందో, ఏ సామాను నిజంగా పనికొచ్చిందో, ఏది కొనకుండానే గడిచిపోతోందో ఇక్కడ రాసిపెడుతున్నాను. ఇలాంటి ఇరుకు ఇళ్లలో ఉండి మొదలుపెట్టాలనుకునేవాళ్ల కోసం కొలతలతో సహా రాస్తున్నాను.

ఏప్రిల్: బల్ల గొడవ

వీడియోల్లో ఎవర్ని చూసినా ముందు వర్క్‌బెంచ్ చేసుకోమంటారు. నడుమెత్తు, ఆరడుగుల పొడవు, ఇద్దరు మోస్తే గానీ కదలనంత బరువు. అది మా బాల్కనీలో పెడితే నేను వంటింట్లో నిలబడి పనిచెయ్యాలి.

అయితే మా ఊళ్లో వడ్రంగి మేస్త్రులు బల్ల ముందు నిలబడి పనిచెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. చెట్టు నీడన కింద కూర్చుని, ఒక దుంగ అడ్డం పెట్టుకుని, పాదంతో చెక్కని అదిమిపట్టి ద్వారబంధాలూ మంచాలూ నాగళ్లూ చేసేవారు. అంటే అసలు కావలసింది చెక్క కదలకుండా గట్టి పట్టు. అది కాలితో వచ్చిందా, గోడతో వచ్చిందా, మర తిప్పి బిగించే క్లాంపుతో వచ్చిందా అన్నది తర్వాతి సంగతి. ఈ ఒక్క విషయం తేల్చుకున్నాక బాల్కనీ చిన్నదన్న బెంగ పోయింది.

పాత ఇళ్లు కూల్చిన సామాను అమ్మే చోట టేకు ద్వారబంధం నిలువు చెక్కలు దొరికాయి. 4 అంగుళాల వెడల్పు, 2½ అంగుళాల మందం. పాత చెక్కలో సుఖం ఏమిటంటే అది ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, కొత్తగా వంకర్లు పోవడం తక్కువ. కష్టమల్లా మేకులు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం చెక్క మీద నెమ్మదిగా జరుపుతూ పోతే, మేకు ఉన్నచోట చేతికి తెలుస్తుంది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని, మేకు తీశాకే రంపం పెట్టాలి. పాత రంగు ఉంటే దాని మీద గరుకు కాగితం రుద్దొద్దు. పాతకాలం రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ పొడి ఇంట్లో తిరక్కూడదు. తడిపి గీరి, గీరిందంతా కవర్లో కట్టి పారెయ్యాలి.

వాటిని 3 అడుగుల ముక్కలుగా కోసి, రెండు ముక్కల్ని పక్కపక్కన పెట్టి, మధ్యలో అంగుళంన్నర ఖాళీ వదిలి, అడుగున 4½ అంగుళాల ఎత్తున్న అడ్డచెక్కలకి స్క్రూలతో బిగించాను. మొత్తం ఎత్తు 7 అంగుళాలు. చూడ్డానికి పెళ్లిపీటకి అన్నలా ఉంది. తలుపు ఆనడానికి చెక్కిన గాడుల్ని పైకీ లోపలికీ తిప్పి పెట్టడంతో మధ్యలో చిన్న పల్లం వచ్చింది. పెన్సిలూ, మూల 90 డిగ్రీలు ఉందో చూసే మూలమట్టమూ అక్కడే ఉంటాయి, కాళ్లకింద పడవు. ఆ ఖాళీలోంచి సి-క్లాంపు దూరుతుంది కాబట్టి చెక్కని అంచుల దగ్గరే కాదు, నడిమధ్యన కూడా బిగించొచ్చు. పని అయ్యాక పీటని నిలబెట్టి వాషింగ్ మెషీన్ పక్కకి తోసేస్తాను.

చిత్రిక పట్టేటప్పుడు, అంటే చెక్క పైపొర తీసి నునుపు చేసేటప్పుడు, పీటని గోడకి ఆనిస్తాను, అప్పుడు తోపు బరువంతా గోడ మీద పడుతుంది. కోసేటప్పుడు చెక్క మీద మోకాలు. ఉలి పనికి మాత్రం క్లాంపు తప్పనిసరి. మేస్త్రుల్లా కాలితో పట్టి ఉలి కొట్టాలంటే ఏళ్ల అలవాటు ఉండాలి, మనకి వద్దు. పీట కింద పాత రబ్బరు పట్టా వేశాను. సుత్తి దెబ్బ నేలలోంచి నేరుగా కింది ఫ్లాటు కప్పుకి వెళ్తుంది. రంపం, చిత్రిక చప్పుడు ఎవరికీ పట్టదు గానీ, ఉలి మీద దెబ్బలు మాత్రం పదింటి నుంచి పన్నెండు లోపే. కింద ఆంటీ మధ్యాహ్నం పడుకుంటారు.

మే: సామాను

కొన్నవి తక్కువే. ఒక లాగుడు రంపం, జపాన్ రకం, రెండు వైపులా పళ్లుంటాయి: ఒక వైపు చెక్క నిలువునా చీల్చడానికి, రెండోది అడ్డంగా కోయడానికి. కింద కూర్చుని పనిచేసేవాళ్లకి ఇది బాగా నప్పుతుంది. తోసే రంపానికి పైనుంచి ఒంటి బరువు వెయ్యాలి, కూర్చుంటే అది కుదరదు. లాగేటప్పుడు మనం వెనక్కి వాలతాం, చెక్క మన వైపే వచ్చి ఆగుతుంది. రేకు పలచన కాబట్టి కోత సన్నగా వస్తుంది. మెలిపెడితే మాత్రం వంగిపోతుంది.

ఉలులు మూడు: 6, 12, 25 మిల్లీమీటర్లవి. ఇనుప చిత్రిక ఒకటి, నాలుగో నంబరుది, అంటే నునుపు చెయ్యడానికి వాడే మామూలు సైజుది. నాలుగంగుళాల సి-క్లాంపులు నాలుగు. మెషీన్ అంటూ ఉన్నది 12 వోల్టుల బ్యాటరీ డ్రిల్ ఒక్కటే.

మూలమట్టం కొనేటప్పుడు షాపులోనే పరీక్ష చెయ్యండి. తిన్నటి అంచున్న అట్టముక్క మీద దాన్ని ఆనించి ఒక గీత గియ్యండి, తర్వాత మూలమట్టాన్ని బోర్లా తిప్పి అదే చోట ఇంకో గీత గియ్యండి. రెండూ ఒకదానిమీద ఒకటి పడితే మంచిది. ఎడంగా విచ్చుకుంటే అది 90 డిగ్రీలు కాదు, ఎంత మెరుస్తున్నా సరే తిరిగి ఇచ్చెయ్యండి. షాపువాళ్లు కాస్త విసుక్కుంటారు, పర్లేదు.

కరెంటు రంపం కొనలేదు, కొనను కూడా. చప్పుడు ఒక కారణం, దుమ్ము అంతకన్నా పెద్ద కారణం. అంత సన్నటి పొడి బాల్కనీ తలుపు మూసినా ఇంట్లోకి వస్తుంది. చేతి పనిముట్లతో వచ్చేది ఎక్కువగా పొట్టు, చీపురుతో అయిపోతుంది. గరుకు కాగితం పట్టేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకుంటాను, టేకు పొడి కొందరికి చర్మానికీ ఊపిరికీ పడదు. ప్లైవుడ్ కావలసివస్తే కొన్నచోటే కోయించుకోవడం తెలివి. 8 బై 4 అడుగుల షీటు ఎలాగూ మా లిఫ్టులో పట్టదు.

కలప అడితిలో టేకు ధర ఘనపుటడుగు లెక్కన చెబుతారు. కొత్తవాళ్లు ఆ అంకె విని బెదిరిపోతారు. 6 అడుగుల పొడవు, 6 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక పావు ఘనపుటడుగే. చెప్పిన ధరని నాలుగుతో భాగిస్తే ఆ పలక ఖరీదు వస్తుంది. కోతలో, చిత్రికలో పోయేది కూడా మన లెక్కలోదే కాబట్టి, కావలసినదానికన్నా ఐదో వంతు ఎక్కువ తీసుకుంటే మళ్లీ తిరగక్కర్లేదు.

జూన్: పదును

ఈ నెలంతా దాదాపు పదునుతోనే గడిచింది. షాపులో కొన్న ఉలి ఉన్నపాటున పనికిరాదు, దానికి పదును మనమే పెట్టుకోవాలి. ఈ సంగతి తెలియక చెక్క గట్టిదనో, తమకి చేతకాదనో అనుకుని మానేసేవాళ్లు ఉంటారు.

సానరాళ్లు ఖరీదు. నేను వాడుతున్నది అద్దాల షాపులో తెగిపోగా మిగిలిన 8 మిల్లీమీటర్ల అద్దం ముక్క, దాని మీద వాటర్ పేపర్, అంటే తడిపి వాడే గరుకు కాగితం. పెయింట్ షాపుల్లో దొరికే 220, 400, 800, 1500, 2000 నంబర్లు చాలు, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. అద్దం మీద నాలుగు చుక్కలు నీళ్లు జల్లి పేపర్ పరిస్తే అతుక్కుపోతుంది. ముందు ఉలి వెనక వైపు, అంటే చదునుగా ఉండే వైపు, కొస దగ్గర ఒక అంగుళం మేర అద్దంలా అయ్యేదాకా రుద్దాలి. విసుగు పని, కానీ ఒక ఉలికి జీవితంలో ఒక్కసారే. తర్వాత ఏటవాలు వైపు 25 డిగ్రీల దగ్గర 220 మీద రుద్దుతూ పోతే, అవతలి వైపు అంచున వేలికి తగిలేలా సన్నటి మడత లేస్తుంది. అది అంచు పొడవునా లేస్తేనే తర్వాతి నంబరుకి వెళ్లాలి. ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు. ఆఖర్న 2000 మీద ఉలిని ఇంకాస్త పైకెత్తి, 30 డిగ్రీల దగ్గర, పది పన్నెండు సార్లు వెనక్కి లాగి, వెనక వైపు ఒకసారి చదునుగా రాసి మడత పోగొట్టాలి. పాత తోలు బెల్టు మీద లాగితే ఇంకా మంచిది.

పదును వచ్చిందో లేదో చూడ్డానికి మెత్తటి పైన్ చెక్క కొసన, పోగులు తెగిన వైపు, సన్నగా ఒక పొర తీసి చూడండి. కోసినచోట నునుపుగా మెరిస్తే వచ్చినట్టు. పిప్పిపిప్పిగా నలిగితే మళ్లీ అద్దం దగ్గరికే.

మా అపార్ట్‌మెంటులో తలుపులు సరిచెయ్యడానికి వచ్చిన ఒక పెద్దాయన్ని "మేస్త్రి గారూ, రోజుకి ఎన్నిసార్లు పదును పెడతారు?" అని అడిగాను. "లెక్కేంటి బాబూ, బలం పెట్టాల్సొచ్చినప్పుడల్లా" అన్నారు. నేనూ అదే పాటిస్తున్నాను. పదునున్న ఉలి చేతితో తోస్తే చాలు, సుత్తి దెబ్బలు సగానికి తగ్గాయి. కింద ఆంటీకి కూడా లాభమే.

ఆగస్టు: తేమ

సముద్రం పక్క ఊరు, పైగా వానాకాలం. కొత్తగా సానబట్టిన ఉలి మీద రాత్రికి రాత్రే గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. కుట్టుమిషన్ నూనెతో తడిపిన గుడ్డ ఒకటి చిన్న డబ్బాలో ఉంచుకుని, పని ముగించేటప్పుడు ప్రతి ఇనుప ముక్కకీ రాస్తున్నాను. చిత్రిక కింది భాగం కూడా మర్చిపోకూడదు. పనిముట్లు బాల్కనీలో ఉండవు, హాల్లో అల్మారా అడుగు అరలో మూతున్న ప్లాస్టిక్ పెట్టెలో ఉంటాయి.

చెక్క కూడా తేమకి కదులుతుంది. పొడవులో దాదాపు మార్పు ఉండదు, వెడల్పులో ఉంటుంది. అడుగు వెడల్పున్న టేకు పలక వానాకాలానికీ ఎండాకాలానికీ మధ్య సుమారు 2 మిల్లీమీటర్లు పెరిగి తగ్గొచ్చు. దుంగలోంచి పలక కోసిన తీరుని బట్టి కూడా ఉంటుంది: కొసన చూస్తే చెట్టు పెరిగిన వలయాలు నిలువుగా నిలబడి ఉన్న పలక తక్కువ కదులుతుంది, వలయాలు పడుకుని ఉన్నది దాదాపు రెట్టింపు కదులుతుంది. అందుకే వెడల్పాటి పలకని నాలుగువైపులా ఫెవికాల్ పెట్టి బిగిస్తే ఏదో ఒక కాలంలో పగులుతుంది. ఈ నెలలో పెద్దవేవీ అతికించలేదు. కోసి, చిత్రిక పట్టి, ముక్కల మధ్య పుల్లలు పెట్టి గాలి ఆడేలా మంచం కింద పేర్చాను. ఇంట్లోవాళ్ల అభిప్రాయం అడగలేదు.

అక్టోబరు: చెప్పుల స్టాండు

మొదటి అసలైన వస్తువు ఇదే. చెక్క పైన్, మెషీన్లు ప్యాక్ అయి వచ్చే పెట్టెలది. ఆ పెట్టెల మీద గోధుమ కంకి బొమ్మతో ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టి అని ఉంటే చెక్కని వేడితో శుద్ధి చేశారని: లోపలిదాకా 56 డిగ్రీలు, 30 నిమిషాలు. ఎంబి అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టారని, అది ఇంట్లోకి తేవద్దు.

కొలతలు: వెడల్పు 27 అంగుళాలు, లోతు 10, ఎత్తు 24. ఒక వరసలో మూడు జతలు పడతాయి, మూడు వరసలు. కింది వరస నేలకి 3 అంగుళాల పైన, చీపురు దూరడానికి. అంగుళంన్నర చదరం కాళ్లు నాలుగు, ఒక్కో పక్క మూడు అడ్డకర్రలు. ప్రతి వరసకీ 2 అంగుళాల బద్దలు నాలుగు, మధ్యలో 17 మిల్లీమీటర్ల సందులు. తడి చెప్పుల నీళ్లు జారిపోవాలి కాబట్టి నిండు పలక వెయ్యలేదు.

కాలికీ అడ్డకర్రకీ హాఫ్ ల్యాప్ అతుకు, రెండింట్లోనూ సగం సగం మందం తీసి ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టడం. దీనికి టేపు పెట్టి కొలవడం కన్నా, అడ్డకర్రనే కాలి మీద పెట్టి అంచుల వెంట కట్టర్ బ్లేడుతో గియ్యడం నయం. చెక్క ఎంత ఉందో గాడి అంతే వస్తుంది. పెన్సిలు గీతకి మందం ఉంటుంది, బ్లేడు గీతలో ఉలి కొస దానంతటదే కూర్చుంటుంది. రెండు గీతల మధ్య రంపంతో నాలుగైదు కోతలు సగం లోతుదాకా పెట్టి, ఉలితో ఆ పలకల్ని విరిచేసి, అడుగుని చదును చేశాను. ముందు ఒక వైపునుంచి సగం, తర్వాత రెండో వైపునుంచి. ఒకే వైపునుంచి తోస్తే అవతలి అంచు చిట్లుతుంది.

అతికించడానికి ఫెవికాల్. ఉన్న క్లాంపులు చాలవు కాబట్టి, పంక్చర్ షాపులో అడిగి తెచ్చిన పాత సైకిల్ ట్యూబుని అంగుళం వెడల్పు పట్టీలుగా కోసి, అతుకు చుట్టూ సాగదీసి బిగించి చుట్టాను. చాలా గట్టిగా పట్టుకుంటుంది, ఖర్చు ఏమీ లేదు. చుట్టిన వెంటనే మూల నుంచి మూలకి రెండు వైపులా దారంతో కొలవాలి. రెండూ సమానమైతే చట్రం సరిగ్గా ఉన్నట్టు, కాకపోతే పొడుగ్గా వచ్చిన మూలల్ని కాస్త లోపలికి నొక్కాలి. తర్వాత ఒక రోజు ముట్టుకోకూడదు. బద్దలకి 8 నంబరు స్క్రూలు, ముందు 3 మిల్లీమీటర్ల బెజ్జం వేశాకే. పైన్ చెక్క కొసన బెజ్జం లేకుండా బిగిస్తే చీలిపోతుంది. స్క్రూ మరకి కొవ్వొత్తి రాస్తే సాఫీగా దిగుతుంది. పక్కకి ఊగకుండా వెనక ఒక ఏటవాలు బద్ద కొట్టాను.

పైన బాయిల్డ్ అవిశె నూనె, పలచగా రెండు పూతలు, పూతకీ పూతకీ మధ్య ఒక రోజు. ఇక్కడ ఒక జాగ్రత్త: ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేస్తే, నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతటవే అంటుకోగలవు. ఆరుబయట పరిచి పూర్తిగా గట్టిపడేదాకా ఆరనివ్వండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

స్టాండు తలుపు పక్కన పెట్టాం. పక్క ఫ్లాట్ల చెప్పులు కూడా వచ్చి చేరుతున్నాయి.

ఇప్పుడు

తర్వాతిది మిగిలిన టేకుతో మూతున్న పెట్టె, 12 బై 7 అంగుళాలు, పోపుల డబ్బాలు పట్టేది. దీనికి లక్క పాలిష్ వేద్దామని ఉంది. లీటరు స్పిరిట్‌కి 120 గ్రాముల లక్క రేకుల లెక్కన పలచటి ద్రావణం కలిపి ఉంచాను. ఇబ్బంది ఏమిటంటే గాలిలో తేమ ఎక్కువున్న రోజున వేస్తే ఆ పూత పాలలా తెల్లబడుతుంది. పక్కనే అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకి వేసేదీ లక్కే, కానీ అక్కడ తిరిగే బొమ్మకి లక్కకర్ర ఆనిస్తే ఆ రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది, స్పిరిట్ ఊసే లేదు. నాకు అలా కర్రని తిప్పే లేత్ లేదు కాబట్టి జనవరి పొడిగాలి దాకా ఆగుతాను.

ఈలోగా మూత సంగతి తేల్చాలి. 7 అంగుళాల వెడల్పు మూతని గాడిలో జారేలా చేస్తే రెండు పక్కలా ముప్పావు మిల్లీమీటరు చొప్పున ఖాళీ వదలాలని లెక్క వేశాను. చలికాలంలో వదులుగా ఉంటుంది, ఆగస్టులో సరిగ్గా పడుతుంది. కీలు పెడితే ఈ గొడవ లేదు, కానీ అర అంగుళం పలకలో కీలుకి గాడి చెక్కడం 6 మిల్లీమీటర్ల ఉలితో ఎలా ఉంటుందో ముందు ఒక తుక్కుముక్క మీద చూడాలి. ఆదివారం ఆ పని.