ఏ ఊరండీ మీది?

విజయవాడలోగానీ గుంటూరులోగానీ కొత్త మనిషి పరిచయమైతే పేరు తర్వాత, ఒక్కోసారి పేరుకంటే ముందే, వచ్చే ప్రశ్న ఇది. "విజయవాడేనండీ" అంటే అడిగినాయన ఊరుకోడు. "అది సరేలెండి, అసలు ఊరు?" అంటాడు. తిరకాసంతా ఆ "అసలు"లోనే ఉంది.

మన దగ్గర మనిషికి ఊరు ఒకటే ఉండదు. సొంతూరు అంటే తండ్రివైపు ఊరు. తాతగారి ఇల్లో, అరెకరం పొలమో, అదీ లేకపోతే అదే ఇంటిపేరు ఉన్న నాలుగు గడపలో ఉన్న చోటు. పుట్టిన ఊరు చాలామందికి అమ్మమ్మగారి ఊరు, తొలి కాన్పు పుట్టింట్లో కాబట్టి. పెరిగిన ఊరు నాన్న బదిలీలనిబట్టి, కాకపోతే హాస్టల్నిబట్టి. ఉంటున్న ఊరు అంటే అద్దె కట్టే చోటో, వాయిదాలు కట్టే చోటో. ఆడవాళ్ళకి ఇంకోటి అదనం: ఒక ఊరి ఆడపడుచు, మరో ఊరి కోడలు. "పుట్టిల్లు రేపల్లె, ఇచ్చింది ఉయ్యూరు" అంటే అది నిండైన జవాబు. అందులో ఏ ముక్క తీసేసినా మళ్ళీ అడుగుతారు.

చెప్పడానికీ ఒక వరస ఉంది. అవతలివాళ్ళకి తెలిసిన పెద్ద ఊరితో మొదలుపెట్టి లోపలికి రావాలి.

"గుడివాడండీ."
"గుడివాడేనా, పక్కనా?"
"పక్కనేనండీ. పెదపారుపూడి."
"ఊళ్ళోనేనా?"
"లేదండీ, దానికి రెండు కిలోమీటర్లు లోపలికి."

మొదటే పల్లెటూరి పేరు చెబితే అవతలివాళ్ళు తెలియక, తెలియదని చెప్పలేక తలూపుతారు, సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. హైదరాబాద్‌లో అడిగితే "విజయవాడ దగ్గర" చాలు. విజయవాడలో అడిగితే గుడివాడ, తెనాలి, నందిగామ స్థాయి కావాలి. గుడివాడలోనే అడిగితే మండలం కూడా అక్కర్లేదు, ఊరి పేరు, ఏ బజారో చెప్పాలి. దారి కలిపితే ఇంకా సులువు: బందరు రోడ్డులో కంకిపాడు దాటాక కుడివైపా ఎడమవైపా, ఏ కాలువ గట్టు మీద? డెల్టాలో కాలువ పేరే సగం చిరునామా.

అడిగేవాళ్ళ వయసు కూడా చూసుకోవాలి. మండలాలు వచ్చింది 1985లో. అంతకుముందు తాలూకాలు, ఫిర్కాలు. డెబ్బై దాటిన పెద్దాయనకి "కొల్లిపర మండలం" అంటే ఒక క్షణం ఆలోచిస్తారు, "తెనాలి తాలూకా" అంటే వెంటనే అందుకుంటారు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు వాళ్ళు ఇప్పటికీ మండలం చెప్పరు, దివిసీమ అంటారు, అదే చాలు. మచిలీపట్నం అని బోర్డుల మీదే చదువుతాం, నోటికి వచ్చేది బందరే.

ఇక ఒకే పేరున్న ఊళ్ళ గొడవ. మాచవరం విజయవాడలో ఒక పేట, పల్నాడులో ఒక మండలం. కొత్తపేట విజయవాడలో ఉంది, గుంటూరులో ఉంది, కోనసీమలో ఏకంగా మండలమే ఉంది. గన్నవరం అంటే మనకి విమానాశ్రయం, కోనసీమవాళ్ళకి పి.గన్నవరం. ఇబ్రహీంపట్నం ఒకటి కృష్ణ ఒడ్డున, ఇంకోటి హైదరాబాద్ పక్కన. పెద, చిన అన్న ముక్కలు అసలు వదలకూడదు. ఉయ్యూరు దగ్గర పెదఓగిరాల, చినఓగిరాల రెండూ ఉన్నాయి. ఉత్త "ఓగిరాల" అని పార్శిల్ మీద రాస్తే అది ముందు పక్క ఊరు చూసి వస్తుంది.

అందరూ తడబడేది జిల్లా దగ్గర. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకి కేంద్రమైంది, కృష్ణా జిల్లా కేంద్రంగా మచిలీపట్నమే ఉండిపోయింది. నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాలోకి పోయాయి. గుంటూరు మూడు ముక్కలైంది: గుంటూరు, నరసరావుపేట కేంద్రంగా పల్నాడు, బాపట్ల. ప్రకాశం నుంచి చీరాల బాపట్లలోకి వచ్చింది. ఇది కొత్త రోగమేమీ కాదు. గుంటూరు జిల్లా పుట్టిందే 1904లో. ఒంగోలు 1970 దాకా గుంటూరు జిల్లాలోనే ఉండేది, ఆ ఏడాదే ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దాని పేరు ప్రకాశం అయింది. అందుకే ఒకే ఇంట్లో తాతగారి కాగితాల్లో గుంటూరు జిల్లా, నాన్న కాగితాల్లో ప్రకాశం, మనవడి ఆధార్‌లో బాపట్ల ఉండొచ్చు. ఎవరూ ఇల్లు కదల్లేదు, జిల్లాలే కదిలాయి. ఫారాల్లో దీనికి పద్ధతి ఒకటే: పాత సర్టిఫికెట్‌లో ఉన్న జిల్లాని దిద్దించడానికి తిరగక్కర్లేదు, అది ఆనాటికి సరైనదే. ఇప్పటి చిరునామా గడిలో మాత్రం ఇప్పటి జిల్లా రాయాలి.

పాత జిల్లాల్ని ఇంకా భద్రంగా దాచుకున్నది తపాలా శాఖ. పిన్‌కోడు మొదటి మూడు అంకెలు 520 అంటే విజయవాడ, 521 అంటే పాత కృష్ణా జిల్లాలో మిగతా ఊళ్ళు, 522 అంటే పాత గుంటూరు జిల్లా. జగ్గయ్యపేట ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా, నూజివీడు ఏలూరు జిల్లా, గుడివాడ కృష్ణా జిల్లా, పిన్‌కోడు మాత్రం మూడింటికీ 521తోనే మొదలవుతుంది. చీరాల బాపట్ల జిల్లాలోకి వచ్చినా 523 వదల్లేదు. ఆన్‌లైన్ ఫారంలో పిన్ కొట్టగానే జిల్లా దానంతటదే పడుతుంది చూడండి, అక్కడ చాలాసార్లు పాత జిల్లా వస్తుంది. మార్చుకునే వీలుంటే మార్చుకోవాలి. లేకపోతే మండలం పేరు స్పష్టంగా రాస్తే ఉత్తరం ఎక్కడికీ పోదు. బళ్ళ నెంబర్లు కూడా ఒకప్పుడు ఊరు చెప్పేవి: ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 07 అంటే గుంటూరు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఇచ్చాక కొత్త బండిని చూసి "మనోళ్ళే" అనుకునే సరదా పోయింది.

"ఉండేది విజయవాడ" అన్న మాటని కూడా కొంచెం తవ్వి చూడాలి. బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని పోతే పటమట, ఆటోనగర్, ఆ తర్వాత కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు. ఎక్కడా ఖాళీ కనపడదు, షాపుల వరస తెగదు. కానీ 2022 విభజనలో పటమట ఎన్టీఆర్ జిల్లాలో పడితే, పెనమలూరు మండలంలోని కానూరు, పోరంకి కృష్ణా జిల్లాలోనే ఉండిపోయాయి. ప్రకాశం బ్యారేజీ దాటి అవతలికెళ్తే తాడేపల్లి, ఉండవల్లి, అది గుంటూరు జిల్లా. ఈ మూడుచోట్ల ఉండే ముగ్గురూ తమ బంధువులకి విజయవాడ అనే చెబుతారు, కలెక్టరేట్‌లో పనిపడితే ముగ్గురూ మూడు ఊళ్ళకి పోవాలి. అద్దెకి దిగేముందే ఏ మండలమో కనుక్కోవడం మంచిది. ఇంటి ఓనరు "విజయవాడే కదండీ" అంటారు, వాళ్ళ మాట నమ్మొద్దు, ఇంటి పన్ను రశీదు మీద ఏ మున్సిపాలిటీ, ఏ పంచాయతీ అని ఉందో చూడాలి. 2024 సెప్టెంబరు వరద తర్వాత సింగ్‌నగర్ వైపు అద్దెకి వచ్చేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న వేరే, బుడమేరు నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయని. గోడ మీద మరక ఇంకా చెరగని ఇళ్ళలో ఆ జవాబు అడక్కుండానే దొరుకుతుంది.

గుంటూరుది ఇంకో లెక్క. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో లైన్లు ఒకవైపు, వాటిని కోస్తూ అడ్డరోడ్లు ఇంకోవైపు. ఎవరైనా "బ్రాడీపేట 4/14" అన్నారంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు కలిసే చోటని. అది ఇంటి నెంబరు కాదు. డోరు నెంబరు మధ్యలో గీతలు పెట్టి మూడు అంకెలుగా ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు రెండింటినీ కలిపేసి, లేకపోతే ఏటవాలు గీత బదులు అడ్డగీత పెట్టేసి రాస్తారు, కొరియర్ కుర్రాడు పద్నాలుగో లైను వెతుక్కుంటూ పోతాడు. లైను ముందు, అడ్డరోడ్డు తర్వాత. తిరగేయకూడదు. విజయవాడలో ఈ సుఖం లేదు, అక్కడ సెంటర్ల మీద బతకాలి. కూడలిని సెంటరు అంటారు, ఆ సెంటరుకి పేరిచ్చిన సినిమాహాల్లో ఆట పడుతోందా లేదా అన్నది వేరే సంగతి.

కాగితాల దగ్గరికొస్తే ఏ ఊరు ఎక్కడ రాయాలన్నది సెంటిమెంటుతో తేలేది కాదు. జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటంటే నిజంగా కాన్పు జరిగిన చోటే. సొంతూరు గుడివాడైనా విజయవాడ ఆసుపత్రిలో పుడితే నమోదు విజయవాడ కార్పొరేషన్లోనే, 21 రోజుల్లోపు. పెద్దయ్యాక పాస్‌పోర్టు ఫారంలో పుట్టిన ఊరి గడిలో అభిమానం కొద్దీ సొంతూరు రాసేవాళ్ళున్నారు, జనన ధ్రువపత్రంతో కలవక అక్కడే ఆగిపోతుంది. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవాళ్ళకి పుట్టిన తేదీకి ఆ ధ్రువపత్రం ఒక్కటే ఆధారం, కాబట్టి అందులో తప్పుపడితే చిన్నప్పుడే దిద్దించాలి. ఓటు ఉండాల్సింది మామూలుగా నివాసముండే చోట. ఊరు మారితే ఫారం 8 పెట్టాలి, కొత్తగా ఫారం 6 పెడితే పేరు రెండుచోట్ల పడుతుంది, అది చట్టరీత్యా కుదరదు. కాలేజీ సీట్లకి లోకల్, నాన్‌లోకల్ అన్నది నాన్న సొంతూరునిబట్టి కాదు, పిల్లలు ఎక్కడ చదివారన్నదాన్ని ముందు చూస్తారు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఏ ఏడాదివి ఆ ఏడాదే తీసుకుని పెట్టుకోవాలి. ప్రైవేటు స్కూలు మూతపడ్డాక తీసుకుందామంటే దాని రిజిస్టర్లు ఎక్కడున్నాయో మండల విద్యాశాఖ ఆఫీసు దగ్గర మొదలుపెట్టి వెతకాలి.

ఇంటిపేరుతో ఊరు పట్టడం మనవాళ్ళకి సరదా. చాలా ఇంటిపేర్లు ఊరిపేర్లే, కాకపోతే షష్ఠీ విభక్తిలోకి తిరిగినవి. వేమూరు నుంచి వేమూరి, నండూరు నుంచి నండూరి, నూతలపాడు నుంచి నూతలపాటి, గన్నవరం నుంచి గన్నవరపు. "ఊరు" చివర "ఊరి" అవుతుంది, "పాడు" "పాటి" అవుతుంది, "వరం" "వరపు" అవుతుంది. పల్లి, పూడి మాత్రం మారవు, కొండపల్లి కొండపల్లే. అయితే ఇంటిపేరు చూసి "మీది వేమూరా?" అనేస్తే పప్పులో కాలేసినట్టే. ఆ కుటుంబం వేమూరు వదిలి ఎన్ని తరాలైందో వాళ్ళకే తెలియదు. ఊరు వదిలాకే ఊరిపేరు ఇంటిపేరవుతుంది. ఊళ్ళోనే ఉన్నవాణ్ణి ఊరిపేరుతో పిలవాల్సిన అవసరం ఎవరికొస్తుంది?

ఊరు అడగడం వెనక ఇంకో ప్రశ్న ఉండే సంగతి దాచాల్సిన పనిలేదు. ఊరు, బజారు, ఇంటిపేరు మూడూ తెలిస్తే కులం తెలిసిపోతుంది, సూటిగా అడగలేనివాళ్ళు ఇటునుంచి నరుక్కొస్తారు. అద్దె ఇంటి దగ్గర ఈ వరస మరీ ఎక్కువ. అలాంటిచోట పెద్ద ఊరి పేరు దగ్గరే ఆపేసి, "అడ్వాన్స్ ఎన్ని నెలలదండీ?" అని మాట మార్చడం మర్యాదే.

ఉంటున్న ఊరు ఎంత పెద్దదైనా సొంతూరుదే పైచేయి అయ్యే చోటు పెళ్ళి. శుభలేఖలో "పెదఓగిరాల వాస్తవ్యులు" అనే వేస్తారు, ఆ వాస్తవ్యులు పటమటలో ఫ్లాటు కొనుక్కుని పాతికేళ్ళైనా సరే. ఫోన్ నెంబరు దగ్గర చిన్న అక్షరాల్లో విజయవాడ ఉంటుంది. కల్యాణ మండపంలో చదివింపులు రాసే ఆయన పుస్తకంలో వరస చూడండి: ఊరు, ఇంటిపేరు, పేరు, ఆ తర్వాత అంకె. ఆయన "ఊరు?" అన్నప్పుడు చాలామంది అలవాటుకొద్దీ ఉంటున్న ఊరు చెప్పేస్తారు. "విజయవాడ, వెంకటేశ్వరరావు, 1,116" అని పడుతుంది. పదేళ్ళ తర్వాత ఆ ఇంట్లో పెళ్ళైనప్పుడు తిరిగి చదివించాలని పుస్తకం తీస్తారు. ఏ వెంకటేశ్వరరావు? మేనత్త తోడికోడలి తమ్ముడా, బ్యాంకులో కొలీగా? అదే "చినఓగిరాల" అని రాయించి ఉంటే ముసలావిడ మంచం మీదనుంచే చెప్పేది. కాబట్టి కవరు చేతికిచ్చేటప్పుడు సొంతూరు చెప్పండి, ఇంటిపేరు పలకండి, ఆయన రాసింది ఒకసారి తొంగి చూడండి. పెద, చిన తప్పు పడేది సాధారణంగా అక్కడే.