ఎండ బాగుంది కదా అని మంచు వాలు ఎక్కకండి

మొన్న ఆదివారం మా పిన్ని కొడుకు ఉప్పల్ నుంచి ఫోన్ చేశాడు. నలుగురు ఫ్రెండ్స్ కలిసి మనాలి పోతున్నారట, అక్కడి సోలాంగ్ లోయ దాటి పైకి సొంతంగా నడుస్తారట. "అన్నా, వారం కింద మంచు మస్తు పడ్డదట, ఇప్పుడు ఎండ కొడ్తుందట, చలి కూడా తక్కువే, గైడ్ ఎందుకు దండగ" అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది. వాడు ధైర్యం కోసం చెప్పిన మూడు ముక్కలూ, మంచు చరియలు జారిపడతాయేమోనని నాకు భయం పుట్టించేవే.

మూడేళ్ల కింద జనవరిలో నేను కూడా అటువైపే ఒక లోయలో ఉన్నా. నాలుగు రోజులు మంచు కురిసింది, తర్వాత రాత్రంతా మబ్బు, తెల్లారేసరికి నీలం ఆకాశం, జాకెట్ విప్పి నడుముకి కట్టుకునేంత వెచ్చదనం. మా గైడ్ మాత్రం ఆరింటికే బయటికొచ్చి మంచు మీద కాలు మోపి చూశాడు. రాత్రి గట్టిగా గడ్డకట్టి ఉంటే బూటు పైనే నిలవాలి, కరకరమని చప్పుడు రావాలి. ఆ రోజు మడమ దాటి మెత్తగా దిగిపోయింది, తీస్తే గుంటలో నీళ్ళు ఊరినట్టు మెరుస్తోంది. పదిన్నరకి ఎదురు వాలు మీద దేవదారు చెట్ల కింద నుంచి నిమ్మకాయంత మంచు ఉండలు దొర్లడం మొదలైంది, వెనకాల సన్నటి గీతలు వదులుతూ. నేను ముచ్చటపడి వీడియో తీస్తున్నా, ఆయన "వాపస్" అన్నాడు, అంతే, ఇంక మాట్లాడలేదు. ఆ వాలు ఆ రోజు జారిందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు, మేం కిందికి దిగొచ్చేశాం.

తమ్ముడికి అమ్మ చేట గుర్తు చేశా. చేటలో బియ్యం పోసి మెల్లగా వంచితే కొంత దాకా ఏం కాదు, ఒక వాలు రాగానే మొత్తం జారిపోతుంది కదా. మంచు కూడా ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే జారుతుంది, స్కీయింగ్‌కి భలే ఉందనిపించేవి కూడా ఆ వాలులే. పైగా మంచు ఒకటే ముద్ద కాదు, పొరలు పొరలుగా ఉంటుంది, కింద ఎక్కడో బొంబాయి రవ్వలా పొడిపొడిగా ఒక పొర ఉండొచ్చు. ఎండకి గానీ వానకి గానీ పైది కరిగి నీళ్ళు లోపలికి దిగితే రేణువుల మధ్య పట్టు వదిలేస్తుంది, బరువు అలాగే ఉంటుంది పట్టు పోతుంది. ఆ రోజు మా గైడ్ చూసిన మెత్తదనం, దొర్లిన ఉండలు దానికి గుర్తులే. పొద్దున తూర్పు వాలు, మధ్యాహ్నం దక్షిణం, పడమర వాలులు, ఎండ ఎటు తిరిగితే ప్రమాదం అటు తిరుగుతుంది. చాలాసార్లు మంచుని కదిలించేది అందులో చిక్కుకున్న వాళ్ళో, వాళ్ళ జట్టు వాళ్ళో.

2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా రోడ్డు మీద మంచు చరియ పడి చనిపోయిన ఏడుగురూ టూరిస్టులే. మన హైదరాబాద్ పిల్లలు 24 మంది 2014లో బియాస్ నదిలో కొట్టుకుపోయిన రోజు నేనింకా మర్చిపోలేదు, అది నీళ్ళ ప్రమాదమే, కానీ పైన ఏం జరుగుతోందో కింద నిలబడ్డవాళ్ళకి తెలీకపోవడం అక్కడా ఇక్కడా ఒకటే.

మంచు కింద పూడిపోతే పావుగంటలోపు తీస్తే పదిమందిలో దాదాపు తొమ్మిది మంది బతుకుతారు, 35 నిమిషాలు దాటితే ముగ్గురిలో ఒకరు. కింది నుంచి రెస్క్యూ వచ్చేదాకా ఆగే టైం ఉండదు, పక్కనున్న ఫ్రెండే తవ్వాలి. అందుకే ప్రతి ఒక్కరి దగ్గరా బీకన్ (మంచు కింద ఉన్నవాళ్ళ జాడ సిగ్నల్‌తో చెప్పే పరికరం), పొడిచి చూసే పొడుగు కడ్డీ, పార ఉండాలి, అవి వాడటం ముందే ప్రాక్టీస్ చేసి ఉండాలి. చండీగఢ్‌లోని డీజీఆర్ఈ అనే రక్షణ శాఖ పరిశోధన సంస్థ వాళ్ళు జిల్లాలవారీగా మంచు చరియల హెచ్చరికలు ఇస్తారు, అది చూడకుండా బయల్దేరొద్దని గట్టిగా చెప్పా.

కాసేపు ఏం మాట్లాడలేదు వాడు. తర్వాత "సరే అన్నా, గైడ్‌ని మాట్లాడుకుంటం, పైకి పోం" అన్నాడు. అయినా నా మనసు ఆగక, రోజూ పొద్దున ఆరింటికి బయట కాలు మోపి బూటు ఎంత లోతు దిగిందో వాయిస్ మెసేజ్ పెట్టమన్నా. శుక్రవారం నాంపల్లిలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నారు.