డబ్లిన్ ఉత్తరపు వీధుల్లో ఒక కీర్తన

ఐర్లండ్ రాక్ బ్యాండ్ యూ2 పాటల్లో దేవుడు ఎక్కడెక్కడ ఉన్నాడో వెతకడానికి బైబిల్ చాలు. ఆ దేవుణ్ణి వాళ్ళు ఎందుకంత గట్టిగా నిలదీస్తారో తెలియాలంటే మాత్రం వాళ్ళ ఊరు డబ్లిన్ ఉత్తర భాగంలో నడవాలి. తమ్ముడు అక్కడ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ రమ్మని పోరుతున్నాడు. ఎట్టకేలకు ఒక మే నెలలో వెళ్ళాను. ట్రినిటీ కాలేజీ, సముద్రం ఒడ్డు కొండలు, పాత కోటలు అన్నీ వాడి ప్లాన్‌లో ఉన్నాయి. నాకు మాత్రం ఒక్క పాట కోసం ఆ ఊరు చూడాలని ఉండేది.

ఆ పాట పేరు '40'. 1983లో వచ్చిన 'వార్' ఆల్బమ్‌లో చివరిది. బైబిల్లోని నలభయ్యవ కీర్తన మొదటి వచనాలే దాని చరణాలకు ఆధారం. ఓపికతో కనిపెట్టుకున్నాను, నా మొర విన్నాడు, ఊబిలోంచి పైకి లేపి పాదాలను బండ మీద నిలిపాడు. గుంటూరులో లూథరన్ చర్చిలో పెరిగిన నాకు సండే స్కూలు నాటి నుంచే అది కంఠతా వచ్చు. కాలేజీ రోజుల్లో ఆ పాట మొదటిసారి విన్నప్పుడు పల్లవి దగ్గర ఆగిపోయాను. చరణం కృతజ్ఞత చెబుతుంటే పల్లవి 'ఇంకెంత కాలం' అని అడుగుతోంది. ఆ ప్రశ్న నలభయ్యవ కీర్తనలో కాదు, ఆరో కీర్తనలో ఉంది. రక్షణ దొరికిందని పాడిన నోటితోనే ఇంకెన్నాళ్ళని అడగడం ఏమిటన్నది నన్ను ఏళ్ళ తరబడి వదల్లేదు.

మొదట టాల్బట్ స్ట్రీట్‌కి వెళ్ళాం. కానలీ రైల్వే స్టేషన్ దగ్గర, చవక బట్టల షాపులు, సెలూన్లు, టీ కొట్లు ఉండే మామూలు వీధి. అక్కడ పేర్లు చెక్కిన ఒక రాతి స్మారకం ఉంది. 1974 మే 17 సాయంత్రం, జనం ఆఫీసుల నుంచి ఇళ్ళకు వెళ్ళే వేళ, డబ్లిన్‌లో మూడు చోట్ల కార్లలో పెట్టిన బాంబులు పేలాయి. అదే సాయంత్రం మొనహన్ ఊళ్ళో ఇంకొకటి పేలింది. అన్నీ కలిపి 33 మంది చనిపోయారు. స్కూలు వదిలాక యూ2 గాయకుడు బోనో ఈ వీధి పక్కనే ఒక రికార్డుల షాపులో కాలక్షేపం చేసేవాడు. ఆ రోజు బస్సుల సమ్మె. సైకిల్ మీద స్కూలుకు వెళ్ళినవాడు అటు రాలేదు. అప్పటికి అతనికి పద్నాలుగు నిండి వారమే అయింది.

అదే ఏడాది సెప్టెంబరులో ఆ ఇంటి మీద అసలు దెబ్బ పడింది. తల్లి ఐరిస్ తన తండ్రి అంత్యక్రియల్లో కుప్పకూలిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లింది. కొద్ది రోజులకే పోయింది.

వాళ్ళుండిన సీడర్‌వుడ్ రోడ్డుకు సిటీ నుంచి బస్సులో వెళ్ళాం. రెండేసి ఇళ్ళు ఒకే గోడ పంచుకుని వరసగా ఉంటాయి, ముందు చిన్న తోట. ఇప్పుడు అక్కడ వేరే కుటుంబాలు కాపురముంటున్నాయి కాబట్టి ఏ ఇంటి ముందూ నిలబడలేదు, ఫొటోలు తీయలేదు, ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాం. నడుస్తూ తమ్ముడికి కథంతా చెప్పాను. తండ్రి బాబ్ హ్యూసన్ క్యాథలిక్, తల్లి ప్రొటెస్టంట్. ఆ రోజుల్లో ఐర్లండ్‌లో అలాంటి పెళ్ళి చిన్న సంగతి కాదు. ఆదివారం తల్లి పిల్లల్ని తన చర్చికి తీసుకెళ్ళేది, తండ్రి తన చర్చికి వెళ్ళేవాడు. దేవుడి పేరు మీద ఊరంతా రెండుగా చీలి ఉన్నప్పుడు ఆ రెండూ ఒకే కంచం దగ్గర కూర్చున్న ఇల్లు అది. తల్లి పోయాక తండ్రి, అన్న నార్మన్, ఈ పిల్లాడు, ముగ్గురు మగవాళ్ళు మిగిలారు. అన్న విమానాల కంపెనీలో పనిచేసేవాడు. అక్కడి నుంచి తెచ్చే విమానం భోజనాలే ఇంట్లో తిండి. ఆ తర్వాత తల్లి ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదని బోనో చాలాసార్లు చెప్పాడు.

తమ్ముడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మనింట్లో కూడా అంతే కదక్కా, అమ్మ గురించి నాన్న ముందు మాట్లాడం" అన్నాడు. మా అమ్మ పోయాక వాడు నాతో ఆ మాట అనడం అదే మొదలు. ఆ వీధి చివర బస్ స్టాప్‌లో కూర్చుని చాలాసేపు అమ్మ గురించి మాట్లాడుకున్నాం. ఎన్ని బస్సులు వెళ్ళిపోయాయో చూసుకోలేదు.

ఇంట్లో చెప్పుకోలేని ఆ దుఃఖం బోనో పాటల్లోకి ఎక్కింది. 1980లో మొదటి ఆల్బమ్ 'బాయ్' మొదలయ్యేదే తల్లి కోసం రాసిన 'ఐ విల్ ఫాలో'తో. మరుసటి ఏడాది 'టుమారో'లో ఆమె అంత్యక్రియలున్నాయి. 2014లో, తనకు యాభై దాటాక కూడా, ఆమె పేరుతోనే ఇంకో పాట రాశాడు. డ్రమ్స్ వాయించే ల్యారీ మలెన్ తల్లి కూడా 1978లో రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. వీళ్ళిద్దరూ అంత దగ్గరవడానికి ఇదొక కారణం. ఈ బ్యాండ్ విశ్వాసం గురించి రాసేవాళ్ళు ముందు సిద్ధాంతం మాట్లాడతారు. నేను ముందు ఈ ఇద్దరు తల్లుల గురించి మాట్లాడాలంటాను. ఊబి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు రాసిన పాటలివి.

అక్కడికి దగ్గర్లోనే బాలిమన్. 1960లలో కట్టిన ఏడు ఎత్తైన టవర్లు ఒకప్పుడు సీడర్‌వుడ్ రోడ్డుకు కనిపించేవి. పేదరికం, హెరాయిన్ ఆ ఇళ్ళను ఎంత పిండేశాయో 1987 నాటి 'రన్నింగ్ టు స్టాండ్ స్టిల్' పాట చెబుతుంది. ఇప్పుడు టవర్లన్నీ కూల్చేశారు.

మలహైడ్ రోడ్డు మీది మౌంట్ టెంపుల్ స్కూలును గేటు బయటి నుంచే చూశాం. క్యాథలిక్, ప్రొటెస్టంట్ పిల్లలు కలిసి చదవడం అరుదైన కాలంలో ఇద్దరికీ చోటిచ్చిన స్కూలు అది. 1976లో ల్యారీ అక్కడి నోటీసు బోర్డులో బ్యాండ్ పెడదామని కాగితం అంటించాడు. అతని ఇంటి వంటగదిలో మొదటి రిహార్సల్. ఆ తర్వాత కొన్నాళ్ళకే బోనో, గిటార్ వాయించే ఎడ్జ్, ల్యారీ ముగ్గురూ 'షాలోమ్' అనే ప్రార్థన బృందంలో చేరారు. బేస్ వాయించే ఆడమ్ క్లేటన్ చేరలేదు. 1981లో 'అక్టోబర్' ఆల్బమ్ నాటికి బృందంలో కొందరు రాక్ సంగీతం దేవుడికిష్టం కాదు, వదిలేయమన్నారు. ఎడ్జ్ దాదాపు వదిలేశాడు. టూర్‌కి ఒప్పందాలు అయిపోయాయి, సంతకం పెట్టి మాట తప్పమని దేవుడు చెబుతాడా అని మేనేజర్ పాల్ మెగిన్నెస్ అడిగాడట. వాళ్ళు బ్యాండ్‌నే ఎంచుకున్నారు, బృందం నుంచి బయటికి వచ్చారు, విశ్వాసాన్ని మాత్రం వదల్లేదు. షాలోమ్ వాళ్ళను నేను పూర్తిగా తప్పుపట్టలేను. కూటాలకు వెళ్ళిన ఆ రోజుల్లోనే ఈ కుర్రాళ్ళకు బైబిల్ అంత లోతుగా ఎక్కింది. అయితే ఆ రోజు వాళ్ళ మాట వినుంటే మనకు '40' ఉండేది కాదు.

లిఫీ నది దాటి విండ్‌మిల్ లేన్‌కి వెళ్ళాం. పాత స్టూడియో భవనాన్ని 2015లో కూల్చేశారు, ఇప్పుడు అద్దాల ఆఫీసులున్నాయి. '40' పుట్టింది అక్కడే. ఆల్బమ్ పని చివరి గంటల్లో ఇంకొక పాట తక్కువైంది. ఆడమ్ అప్పటికే ఇంటికి వెళ్ళిపోయాడు, అందుకని గిటార్‌తో పాటు బేస్ కూడా ఎడ్జే వాయించాడు. రాయడానికి పది నిమిషాలు, రికార్డింగ్‌కి పది, మిక్సింగ్‌కి పది, వినడానికి పది అని బోనో చెప్పాడు. తొందరలో చేతికి అందింది కీర్తనల గ్రంథం. ఒకప్పుడు కచేరీల చివర ఈ పాట పాడేటప్పుడు ఒక్కొక్కరే స్టేజి దిగి వెళ్ళిపోయేవాళ్ళు, ఆఖరున ల్యారీ. జనం మాత్రం పల్లవి ఆపేవాళ్ళు కాదు. స్టేజి ఖాళీ అయ్యాక వేలమంది 'ఇంకెంత కాలం' అని పాడుతూ బయటికి నడిచేవాళ్ళు.

అదే ఆల్బమ్ మొదటి పాట 'సండే బ్లడీ సండే'లోనూ ఈ ప్రశ్నే ఉంది. ఆ పాటకు మూలం డెర్రీ ఊళ్ళో జరిగిన కాల్పులు, అందుకే ఆ ఊరు కూడా చూడాలనుకున్నాను. బస్సులో నాలుగు గంటలు. అది ఉత్తర ఐర్లండ్, అంటే బ్రిటన్ కిందికి వస్తుంది. నా ఐరిష్ వీసా మీద బీఐవీఎస్ అని, అంటే ఒకే వీసాతో ఐర్లండ్, బ్రిటన్ రెండూ తిరగనిచ్చే ముద్ర, ఉండటంతో వేరే వీసా అక్కర్లేకపోయింది. సరిహద్దులో చెక్‌పోస్టు కూడా లేదు, రోడ్డు బోర్డుల మీద కిలోమీటర్లు మైళ్ళుగా మారాయంతే. 1972 జనవరి 30న, ఆదివారం, బాగ్‌సైడ్ పేటలో పౌరహక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు. ఆ రోజే 13 మంది చనిపోయారు, గాయపడ్డ ఇంకొకాయన తర్వాత పోయాడు. స్మారకం మీద పేర్లూ వయసులూ చదివాను. ఆరుగురికి 17 ఏళ్ళే. చనిపోయినవాళ్ళ తప్పేమీ లేదని ఆ కాల్పుల మీద విచారణ జరిపిన సావిల్ కమిషన్ చెప్పడానికి, బ్రిటన్ ప్రధాని డేవిడ్ క్యామెరన్ పార్లమెంటులో క్షమాపణ అడగడానికి 2010 జూన్ 15 దాకా పట్టింది. ముప్పై ఎనిమిదేళ్ళు.

అక్కడ నా పాత చిక్కు వీడింది. '40' పల్లవిలో బోనో అడుగుతున్నది తన ఒక్కడి కోసం కాదు. తనను బండ మీద నిలబెట్టిన దేవుణ్ణే, ఇంకా ఊబిలో ఉన్న వీళ్ళ సంగతేమిటని అడుగుతున్నాడు. నమ్మకం ఉన్నవాడికే ఆ అడిగే చనువు ఉంటుంది.

తిరిగొచ్చాక ఆదివారం డబ్లిన్‌లోని మన తెలుగువాళ్ళ ఆరాధనకు తమ్ముడు తీసుకెళ్ళాడు. అద్దె హాలు, తబలా, కీబోర్డు, తర్వాత అందరూ ఇళ్ళ నుంచి తెచ్చిన భోజనాలు. ఏమేం చూశారమ్మా అని ఒక పెద్దాయన అడిగితే ఇదంతా చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. వెతుకుతున్నది ఇంకా దొరకలేదని ఇంకో పాటలో పాడేవాళ్ళది ఏం విశ్వాసం అన్నారు. "అంకుల్, ఎనభై ఎనిమిదో కీర్తన చివరి మాట చీకటే కదా, దాన్ని బైబిల్లోంచి తీసేయలేదు కదా" అన్నాను. అది దావీదు కాలపు సంగతి, మనకు క్రీస్తు వచ్చాడు కదమ్మా అన్నారాయన. క్రీస్తు కూడా సిలువ మీద నన్నెందుకు విడిచితివి అని కీర్తనే ఎత్తుకున్నాడు కదా అన్నాను. పెరుగన్నం దాకా వాదించుకున్నాం. ఇద్దరం ఎవరి మాట మీద వాళ్ళమే ఉన్నాం, ప్రేమగానే.

కీబోర్డు దగ్గరి కుర్రాళ్ళు మాత్రం ఆ పాట నేర్చుకుంటామన్నారు. బేస్ గిటార్ ఉన్న అబ్బాయితో ముందు నువ్వు మొదలుపెట్టమని చెప్పాను, ఆ పాట మొత్తాన్ని మోసేది బేసే. పల్లవి దగ్గర మాత్రం వాయిద్యాలు ఆపేసి జనానికి వదిలేయమన్నాను.